చిటికెడు పసుపు

20 జులై 1985, శనివారం

వాన. క్యాంపోళ్ల గుడారం గాలికి కూలింది. క్యాంపు పెద్ద దత్తా సారు తడుచుకుంటనే మా ఇంటికొచ్చి ముందటర్ర కిరాయికి అడిగిండు. పొద్దుమీకేసరికి అర్ర నిండిపోయింది. రాళ్ల సంచులు, పొడుల డబ్బాలు, టిక్కు టిక్కుమనే మిషను. ములకలపల్లి అడివిల వీళ్లు ఏం దేవులాడుతున్నరని అడిగితే "ఖనిజం" అంటరు. బొగ్గు కూడ ఖనిజమే. బాయిల దిగి నా ఊపిరితిత్తులు నల్లబడేదాక నేను తవ్వింది అదే. ఇప్పుడు క్యాంపుకు కావలి ఉద్యోగం. కూసొని చేసే ఉద్యోగం నా జన్మల ఇదే మొదటిది.

డబ్బాలన్ని ఒక్క తీరే ఉన్నయి. వాటి మీది ఇంగ్లీషు రాత నాకు రాదు, నా తెలుగు సారుకు రాదు. "సారూ, మీరు చెప్పుండ్రి, నేను మూత మీద సుద్దతోటి రాస్త" అన్న. ఒక్కొక్కటి చూపించుకుంట చెప్పిండు. నల్ల రాయి పొడి. ఎర్ర మట్టి. ఒక చిన్న డబ్బా తీసి "ఇది యెల్లో. యెల్లోకి తెలుగు ఏమి కాశయ్యా?" అన్నడు. చెప్పిన, రాసిన. నా రాత చూసి "బ్యూటిఫుల్" అన్నడు. ఆ మాటకు అర్థం నాకు తెలుసు.

నాకు చదువు బడిల రాలే, బజ్జీల పొట్లాలతోటి వచ్చింది. బాయి గేటు కాడ మిరపకాయ బజ్జీలు తినుకుంట కాగితం చదివేటోన్ని. నూనె అంటిన కాడ అక్షరం ఇంకా మంచిగ కనపడతది. కాని ప్రతి కత సగంల చినుగుతది. ఒక రాజు కూతురు పడవల నుంచి సముద్రంల పడ్డది. ఇరవై ఏండ్లయింది, ఇప్పటిదాక ఎవరు బయటికి తియ్యలే.

కోడలికి నేనే అక్షరాలు చెప్తున్న. బతుకమ్మ తెలివిగల్ల పిల్ల. గుణింతాలు అయినయి, ఇప్పుడు చిన్న చిన్న మాటలు కూడుకుంటది. అంతకుముందు రెండు కాన్పులు నిలవలే. ఈ పారి నాలుగు నెలలు దాటింది. నా ఇంటిది గురవమ్మ ఆ సంగతి నోటెంట అననీయదు, దిష్టి అంటది. అందుకే ఇక్కడ రాసుకుంటున్న. ఈ ఇంట్ల దీన్ని చదివే ఓపిక ఎవరికీ లేదు.

27 జులై, శనివారం

ఇయ్యాల పండుగ అసొంటి దినం. బతుకమ్మ పొయ్యి కాడికెల్లి "మామా, నేనొక మాట చదివిన, ఎవలు చెప్పలే" అన్నది. ఏం మాట అంటే "తిన్నంక చెప్త" అన్నది. పప్పు, అన్నం. గురవమ్మకు శనివారం ఒక్కపొద్దు, ముట్టలే. నేను రెండుసార్లు ఏయించుకున్న. పప్పు రంగు మస్తుగ వచ్చింది, నిమ్మపండు తీరు. వాసన మాత్రం రాలే. ఈ నడుమ దుకాణాలల్ల అన్నీ కల్తీలే.

తిన్నంక చెప్పింది. "పసుపు."

"ప, సు, పు. మూడక్షరాలు ఒక్కపారే కనపడ్డయి మామా, కూడుకోవాల్సిన పనే పడలే."

నా కండ్లల్ల నీళ్లు తిరిగినయి. బాయిల నాకు జీతం పెరిగిన నాడు కూడ గట్ల కాలే.

28 జులై, ఆదివారం

లాల్‌సింగ్ వచ్చిండు. క్యాంపు జీపు నడిపేటోడు, కారేపల్లి దిక్కు తండా వాడు, నన్ను కాకా అంటడు. డబ్బాలు చూసి "చిన్న డబ్బా మూత వదులుగ ఉంది కాకా" అన్నడు. ఎలుక అన్న.

29 జులై

ఎలుక మూత తిప్పదు.

30 జులై, మంగళవారం

అడిగిన. అడగకుంట ఉంటే బాగుండు అనిపించింది, అయినా అడిగిన.

"బిడ్డా, మొన్న పసుపు అని ఎక్కడ చదివినవు?"

"ముందటర్రల. మన డబ్బాల అయిపోయింది. ఆడ డబ్బా మీద రాసి ఉండె. చిటికెడే తీసిన మామా, సారు ఏమనుకోడు గద?"

"ఏమనుకోడు" అన్న.

రోడ్డు మీదికి పోయి లాల్‌సింగ్‌ను పట్టుకున్న. ఊకె అడిగినట్టు అడిగిన, ఆ చిన్న డబ్బాల ఏందిరా అని.

"గది యురేనియం కాకా. కిరణం తగిలితే టిక్కుమనే ఆ మిషను మంచిగ పన్జేస్తుందో లేదో చూసుకోనీకి సారు ఎంబడి తెచ్చుకుంటడు. ఎందుకు, నీ ఎలుక తిన్నదా?"

"తిన్నదనుకో. ఏమైతది?"

"చీకట్ల మెరుస్తది. పట్టుకునుడు అల్కగైతది" అని ఒకటే నవ్వుడు.

సారును అడుగుదామంటే ఆయన నాగపూరు పోయిండు, దసరాకు గాని రాడట.

ఇంట్ల ఎవరు లేనప్పుడు మిషను మీట నొక్కిన. నా కడుపు కాడ పెట్టుకున్న, టిక్కుమంది. గోడ కాడ పెట్టిన, టిక్కుమంది. గురవమ్మ చెరువుకెల్లి వచ్చింది. ఆమె కాడ పెడితే "ఏందది, నీకు పిచ్చి గిట్ల లేసిందా" అన్నది. అప్పుడూ టిక్కుమంది. అర్ర నిండ రాళ్ల సంచులుంటే అది ఊకుంటదా. దీనితోటి ఏం తెల్వదు.

కోడలి కాడ పెట్టలే. చెయ్యి రాలే.

1 ఆగస్టు

ఇద్దరం మంచిగనే ఉన్నం. నేను బువ్వ తింటున్న, కోడలు తింటుంది.

మనిషి ఏం తిని బతకడు? బాయిల పేలుడు మందు అంటిన చేతులతోటే సద్ది తిన్నం. మా జతగాడు ఒకడు బ్యాటరీ నీళ్లు మంచినీళ్లనుకొని నోట్ల పోసుకొని, పెదాలు కాలినా మల్ల పెండ్లి చేసుకుండు. పత్తి చేన్లల్ల ఎండ్రిన్ మందు తాగి పోయినోళ్లను మాత్రం కండ్లార చూసిన. మొన్న భోపాల్‌ల పోయిన జనం పోయింది కూడ పురుగుల మందు కంపెనీ గాలితోటేనాయె. ఆడ ఏ అణువు లేదు. అయినా ఎండ్రిన్ సీస మన ఇంటి చూరుల ఉంటది, ఎవరికీ భయం లేదు.

గిట్ల రాసుకుంటుంటే ధైర్యం వస్తుంది. కాగితం మూసినంక పోతుంది.

మూత మీద రాత నాది. పిల్ల చదివింది సక్కగనే చదివింది.

4 ఆగస్టు, ఆదివారం

కొడుకు కొత్తగూడెం నుంచి వచ్చిండు. సమ్మయ్య బాయిల ఫిల్లరు, బొగ్గు ఎత్తుతడు. వారం దినాలు ఆడ, ఆదివారం ఈడ.

ఆదివారం నాడు నేను పేపరు గట్టిగ చదవాలె, గురవమ్మ ఇస్తరాకులు కుట్టుకుంట ఇనాలె. అది మా ఇంటి పద్ధతి. ఇయ్యాలటి పేపరు నడిమి పేజీ నిండ జపాన్ మీద బాంబు పడి నలభై ఏండ్లని రాసిండ్రు, బొమ్మలేసిండ్రు. మొదలైతే పెట్టిన. తల్లుల సంగతి, కడుపుల పిల్లల సంగతి వచ్చిన కాడ రెండు మూడు వరుసలు ఎగిరి దుంకిన. సమ్మయ్యకు అనుమానం వచ్చింది. "నాయినా, నడుమల వదిలేసినవు" అని గుంజుకొని, ఏలు పెట్టుకొని చదివిండు. చదివి "గీ యురేనియం అంటే మన ముందటర్రల ఉందని లాల్‌సింగ్ అన్నడు, గదేనా?" అన్నడు.





చెప్పిన. అందరి ముందల చెప్పిన. పప్పు సంగతి, సుద్ద సంగతి.

గురవమ్మ చేతుల ఆకు అట్లనే ఉండిపోయింది. బతుకమ్మ నన్ను చూడలే, తన చేతులు చూసుకుంది. జరసేపటికి లేసి బయట కూసొని వాంతి చేసుకుంది. తిని ఎనిమిది దినాలాయె, ఇప్పుడు ఏం వస్తది.

"నేను చదవకపోతే గిట్ల కాకపోవు గద మామా" అన్నది.

నా చెంప మీద కొట్టినా అంత నొయ్యకపోవు.

8 ఆగస్టు

ఊరికి తెలిసింది. నీళ్ల కాడ ఆడోళ్లు బతుకమ్మకు దూరంగ జరుగుతున్నరట. నాకెవరు జరుగుతలేరు. నేను రెండుసార్లు ఏయించుకున్ననని వాళ్లకు చెప్పాలె.

11 ఆగస్టు, ఆదివారం

సమ్మయ్య ఒక సీస తెచ్చిండు. టౌన్ల బస్టాండు కాడ పట్టా లేని డాక్టరు ఒకడు ఉన్నడట, వాడు ఇచ్చిండట. గోధుమ రంగు నీళ్లు, ఏదో వేరు నానేసిన వాసన. ఒక్క గుటకల తాగితే రెండో దినానికి కడుపు కడుక్కపోతదట.

"నాకు బిడ్డ వద్దా నాయినా? రెండు పోయినయి, నాకు బాధ లేదా? ఆ బొమ్మలు చూసినవు గద. గట్లాంటి బిడ్డ పుడితే ఎవరు సాకుతరు? నువ్వు ఉంటవా, అమ్మ ఉంటదా? ఈ పిల్ల ఒక్కతే దాన్ని ఎత్తుకొని జీవితమంత తిరగాల్నా?"

వాడు అరవలే. అరిస్తే జవాబు చెప్పేటోన్ని.

నిజం రాసుకోవాలె. నేను కూడ సరే అననీకి నోరు తెరిచిన. గురవమ్మ కొంగు నోట్ల పెట్టుకొని తల ఊపింది. ముగ్గురం ఒక్క దిక్కు అయినం, ఆ పిల్ల ఒక్కతే ఒక దిక్కు.

బతుకమ్మ సీస చేతులకు తీసుకొని అటు తిప్పింది, ఇటు తిప్పింది.

"మామా, నాకు రాకపాయె, నువ్వు చదువు. దీని మీద ఏం రాసి ఉంది?"

"ఏం రాసి లేదు బిడ్డా."

"పేరున్న దానికి గంత భయపడ్తున్నరు. పేరు లేనిది నన్ను తాగమంటున్నరు."

సీస తన సంచిల పెట్టుకుంది.

"రేపు ఒక్క దినం ఆగుండ్రి" అన్నది. "చదువుకున్నోళ్లు ఎవరన్న చెప్తే, అప్పుడు తాగుత."

సమ్మయ్య రేపు డ్యూటీకి పోతలేడు. నాగా పెట్టిండు.

12 ఆగస్టు, సోమవారం

లాల్‌సింగ్ జీపు తీసిండు. ఎలుక మెరుస్తదని నవ్వినందుకు నా మొకం చూస్తలేడు. నేను, బతుకమ్మ, ఆమె సంచిల సీస. సమ్మయ్య రాను అన్నడు. భద్రాచలం వంతెన కింద గోదారి ఎర్రగ, నిండుగ పోతుంది. ఆ వంతెన లేనప్పుడు పడవ దాటిన ముచ్చట చెప్పబోయిన, ఎవరూ ఇనే తీరు లేరు, ఊకున్న.

దుమ్ముగూడెం పోయే తొవ్వల ఏటి ఒడ్డున క్రైస్తవ సిస్టర్ల చిన్న దవాఖానా. డాక్టరమ్మ కూడ సిస్టరే, మలయాళం మనిషి, పొట్టిది, తెలుగు పుస్తకం తీరు మాట్లాడతది. అంత ఇన్నది. ఇని "నాకు దీని గురించి బాగా తెలియదు, కూర్చోండి" అని లోపలికి పోయి, ఇటుక అసొంటి పుస్తకం తెచ్చి మా ముందలనే చదువుకుంది. నేను ఇప్పటిదాక ఎన్నో దవాఖానాలు చూసిన. తెలియదు అన్న డాక్టరును ఈమెనే చూసిన.

చదివినంక అడిగింది. "ఎంత వేశావమ్మా?"

"చిటికెడు. గింత." వేళ్లు చూపింది.

"మెరుపు వస్తుందని, కిరణాలు వస్తాయని భయపడుతున్నారు కదా. కిరణాలున్న లోహాలన్నీ ఒక్కటి కావు. కంటికి కనపడనంత మింగినా మనిషి మిగలని జాతి ఉంది. నువ్వు తిన్నది అది కాదు. ఇది చాలా నిదానం. దీని కిరణం నిన్ను చంపేలోపు దీని విషమే చంపాలి. అంటే సీసం, పాదరసం ఉన్నాయే, వాటి వరసలో చూడు. మూత్రపిండాలను పట్టుకుంటుంది. అది కూడా ఎక్కువ తింటే. మింగినదాంట్లో చాలా భాగం రక్తంలోకే పోదు, వచ్చిన దారినే పోతుంది."

"పోయింది" అన్న నేను. ఎందుకన్ననో తెల్వదు. సిస్టరు నవ్వింది. బతుకమ్మ కూడ కొంగు అడ్డం పెట్టుకుంది. వారం దినాల తర్వాత నవ్వుడు.

"మరి పేపర్ల బొమ్మలు?"

"అది బాంబు తాతా. బాంబు వేరు, చిటికెడు పొడి వేరు. నిప్పుపుల్ల చూసి ఊరు తగలబడ్డది అనుకుంటామా?"

ఇద్దరి మూత్రం పట్టించి గాజు గొట్టాలల్ల పోసి దీపం మీద కాచింది. కాస్తే విరిగిన పాల తీరు అయితే మూత్రపిండాలకు దెబ్బ తగిలినట్టట. కోడలిది తేటగ ఉంది. నాది చూసి "కొంచెం మబ్బుగా ఉంది తాతా, వయసుది కావచ్చు, అదీ కావచ్చు. వారం తరువాత రా, నీళ్లు బాగా తాగు" అన్నది. మబ్బు అంటే ఏమున్నది, శ్రావణమాసం గద.

అప్పుడు బతుకమ్మ సంచిల నుంచి సీస తీసి బల్ల మీద పెట్టింది. "ఇది తాగమన్నరు."

సిస్టరు మూత తీసి వాసన చూసింది. మొకం మారింది.

"ఈ వేరు తాగి వచ్చిన ఆడవాళ్లను ఈ మంచం మీద చూశాను. ఇద్దరిని బతికించాను. మిగతావాళ్లను కాదు. ఆ పప్పు ఇంకోసారి వండి పెడితే నేను కోప్పడతాను. ఇది తాగితే నీ కోసం నేను చేసేది ఏమీ ఉండదు. నీకు బిడ్డ వద్దంటే నాతో చెప్పు, దానికి ప్రాణం పోని దారి ఉన్న పెద్దాసుపత్రికి పంపుతాను. వద్దా?"

"కావాలె" అన్నది బతుకమ్మ. "బిడ్డ మంచిగ పుడతదా అమ్మా?"

"ప్రమాణం చెయ్యలేను. ఏ తల్లికీ చెయ్యలేదు. పప్పు వల్ల మాత్రం భయపడాల్సిన పని నాకు కనిపించలేదు."

ఆ మాట నాకు సాలలే. అన్ని మంచిగ ఉంటయి అని ఒక్కమాట అంటే ఆమె సొమ్మేం పోతది? మల్ల అనుకున్న, అందరు డాక్టర్లు నాకు మాట ఇచ్చి తప్పినోళ్లే.

సీస ఆమె ఇయ్యలే, పారబోస్త అన్నది. బతుకమ్మే అడిగి తీసుకుంది. "మా ఇంటాయన తెచ్చింది, ఆయన చేతుల్నే పెట్టాలె."

పొద్దుగూకకముందే ఇల్లు చేరినం. సమ్మయ్య వాకిట్ల నిలబడి ఉన్నడు. నా మబ్బు సంగతి తప్ప సిస్టరు చెప్పిందంత చెప్పిన. సీసం, పాదరసం, నిప్పుపుల్ల, అన్నీ. వాడు ఇని "నువ్వే చెప్పి భయపెడ్తివి, మల్ల నువ్వే వచ్చి భయం లేదంటివి. ఏది నమ్మాలె నాయినా?" అన్నడు.



బతుకమ్మ సీస మొగని చేతుల పెట్టింది.

"సగం నువ్వు తాగు. రేపటికి నీకేం కాకపోతే మిగిలిన సగం నేను తాగుత."

"నేనెందుకు తాగుత? నా కడుపుల ఏమున్నదే?"

"కడుపుల ఏం లేనోనికి ఏం కావద్దు గద. తాగు."

వాడు మూత తీసిండు. నోటిదాక తెచ్చిండు. గురవమ్మ "ఓరి కొడకా" అన్నది. గంతే, చెయ్యి ఆడనే ఆగింది. వాసన కొట్టిందో, తల్లి గొంతు ఇనపడ్డదో, చానసేపు గట్లనే నిలబడ్డడు. పెండ్లాం మొకం చూసిండు. తర్వాత దొడ్డిల గుంత తవ్వి సీసతోటి బొంద పెట్టిండు. మల్లొచ్చి గడప మీద కూసొని ఏడ్చిండు. నేను పక్కన కూసున్న. నా పక్క నుంచి లేసి పోలే, అదే నాకు సాలు.

19 ఆగస్టు

మబ్బు పోయింది. తేటగ ఉన్నవు తాతా అన్నది సిస్టరు. గురవమ్మకు, కొడుక్కు చెప్పలే, మబ్బు సంగతే చెప్పలే గనక.

23 సెప్టెంబరు

సమ్మయ్య ఆదివారం వస్తడు, బియ్యం తెస్తడు, పోతడు. ఆమె కడుపు దిక్కు చూడడు. మాట్లాడుకుంటరు గని పక్కింటోళ్లు మాట్లాడుకున్నట్టు.

12 అక్టోబరు

దత్తా సారు వచ్చిండు. సంగతి తెలిసి తెల్లబోయి, నెత్తి పట్టుకొని కూసుండు. సిస్టరు చెప్పిందే చెప్పిండు, ఇంకా కష్టమైన మాటలల్ల. డబ్బాలన్ని పెట్టెల పెట్టి తాళం ఏయించిండు. ఇప్పుడు తెలుగు రాయమని అడుగుతలేడు. నేనూ అడుగుతలేను.

17 నవంబరు, ఆదివారం

బతుకమ్మ పలక పక్కకు పెట్టి మూడున్నర నెలలు. ఇయ్యాల నేను పేపరు చదువుతుంటే ఎనుక నుంచి వచ్చి ఒక మాట మీద ఏలు పెట్టింది. "ఇది గోదావరి గద మామా?" అవ్ బిడ్డా అన్న. ఇంకేం అడగలే. నేనూ ఇంకేం చెప్పలే.

ఆమెకు కాళ్ల వాపు. అందరికి వచ్చేదే అంటది గురవమ్మ. అందరికి వచ్చేదే. అందరికి వచ్చేదే.

24 డిసెంబరు, మంగళవారం

సిస్టర్ల దవాఖానా వాకిట్ల కాగితం చుక్కలు కట్టిండ్రు. వాటి కింద బెంచీ మీద కూసొని రాస్తున్న.

పొద్దుగాల నొప్పులొచ్చినయి. లాల్‌సింగ్ జీపును ఎడ్లబండి తీరు నడిపిండు, గుంత వచ్చిన కాడల్ల దిగి చూసిండు. మధ్యాహ్నానికి ఆడపిల్ల పుట్టింది. గురవమ్మ బయటికొచ్చి నన్ను చూసి ఏం చెప్పకుంట మల్ల లోపలికి పోయింది. నా పానం పోయింది. తర్వాత తెలిసింది, సంతోషంతోటి మాట రాలేదట. గా సంతోషం నన్ను చంపకపోవుడే ఎక్కువ.

సమ్మయ్యకు కబురు పోయి, బాయిల నుంచి ఎక్కినోడు ఎక్కినట్టే లారీ పట్టుకొని వచ్చిండు. కండ్ల చుట్టూ బొగ్గు. గది గడప కాడనే నిలబడ్డడు. లోపలికి అడుగు ఏస్తలేడు.

"అమ్మా... అన్నీ ఉన్నయా?"

"ఏం అన్నీరా?"

"వేళ్లు... చెవులు..."

"నోరైతే ఇద్దరికి సరిపోయేంత ఉంది. ఇంటలేవా?" అన్నది గురవమ్మ. పిల్ల ఏడుపు గోదారి అవతలికి ఇనపడుతుంది.

వాడు మెల్లగ పోయి మంచం పక్కన కూసొని, గుడ్డ అంచు తీసి, పిల్ల కాలు బయటికి గుంజి ఒక్కొక్క ఏలు ముట్టుకుంట పోతున్నడు. సిస్టరు "చేతులు కడుక్కో" అని అనబోయి ఎందుకో ఆగింది.

బతుకమ్మ కండ్లు తెరవలే.

"లెక్క పెట్టకు" అన్నది. "ముందు ఎత్తుకో."

ఎత్తుకుండు.